కొత్త పదాలు పిల్లలకి గుర్తుండిపోవాలంటే: క్లాసులో కొండగుర్తులతో నేర్పించే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పే టీచర్లందరికీ తెలిసిన బాధ ఇది. పాఠం చివర ఉన్న కొత్త పదాలన్నీ బోర్డు మీద రాస్తాం, పక్కన తెలుగు అర్థం రాస్తాం, పిల్లల చేత మూడేసి సార్లు కాపీ చేయిస్తాం, మర్నాడు అడిగితే సగం మంది చెప్పేస్తారు కూడా, కానీ రెండు వారాల తర్వాత అదే పదం ఇంకో పాఠంలో కనిపిస్తే ఎప్పుడూ చూడనట్టు మొహం పెడతారు. పిల్లలు చదవకపోవడం వల్ల కాదు ఇది జరిగేది. ‘అబాండన్’ అనే శబ్దానికీ ‘వదిలేయడం’ అనే అర్థానికీ మధ్య వాళ్ళ బుర్రలో ఏ దారీ లేదు, మనం వేసి ఇవ్వలేదు, అంతే.

ఆ దారినే కొండగుర్తు అంటాం. ఇది మనకి కొత్త కాదు. తెలుగు పద్యాల గణాలు నేర్చుకున్న ప్రతి వాడికీ ‘యమాతారాజభానసలగం’ ఇప్పటికీ నోటికి వస్తుంది. య దగ్గర మొదలెట్టి మూడక్షరాలు తీసుకుంటే యమాతా, అంటే ఒక లఘువు రెండు గురువులు, అదే యగణం. మ దగ్గర మొదలెడితే మాతారా, మూడూ గురువులు, మగణం. అలా ఎనిమిది గణాలూ ఒక్క మాటలో ఇమిడిపోయాయి. గ్రూప్స్, డీఎస్సీ కోచింగుల్లో ‘కోడ్’ అని చెప్పేది కూడా ఇలాంటిదే. మరి ఇంగ్లీష్ పదాల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు వదిలేశామో అర్థం కాదు.

దీని మీద గట్టి పరిశోధన కూడా ఉంది. 1975లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో రిచర్డ్ అట్కిన్సన్ తన సహచరుడితో కలిసి ఒక ప్రయోగం చేశాడు, రష్యన్ రాని విద్యార్థులకి మూడు రోజుల్లో 120 రష్యన్ పదాలు నేర్పించాడు. శబ్దం పోలిన ఇంగ్లీష్ మాటతో కొండగుర్తు కట్టుకున్న వాళ్ళు 72 శాతం గుర్తుపెట్టుకున్నారు, మామూలుగా చదువుకున్న వాళ్ళు 46 శాతం. ఆరు వారాల తర్వాత మళ్ళీ పరీక్ష పెడితే మొదటి వాళ్ళు 43, రెండో వాళ్ళు 28. ఈ అంకెల్లో రెండు సంగతులున్నాయి, చాలామంది ఒకటే చూస్తారు. కొండగుర్తు బాగా పనిచేస్తుంది అన్నది ఒకటి. మళ్ళీ మళ్ళీ అడక్కపోతే కొండగుర్తుతో నేర్చుకున్నది కూడా జారిపోతుంది అన్నది రెండోది, 72 నుంచి 43కి పడిపోయింది చూడండి. అందుకే ఈ గైడ్‌లో సగం కొండగుర్తు కట్టడం గురించి ఉంటుంది, సగం అడగడం గురించి ఉంటుంది. రెండో సగం వదిలేసి మొదటిది ఒక్కటే చేస్తే క్లాసు సరదాగా గడుస్తుంది తప్ప పదాలు మిగలవు.

ముందు పదాలు ఏరుకోండి

పాఠంలో ఇరవై కొత్త పదాలు ఉంటే ఇరవైకీ కొండగుర్తులు పెట్టాలని చూడొద్దు. రోజుకి ఐదు, మహా అయితే ఆరు. ఎలా ఏరాలంటే, ఈ పదం ఇంకో పాఠంలో, ఇంకో సబ్జెక్టులో, పేపర్లో మళ్ళీ ఎదురయ్యేదేనా అని చూసుకోండి. ఆ కథలో తప్ప ఎక్కడా కనపడని పదమైతే అర్థం చెప్పేసి ముందుకి పోవడమే.

ఏరిన వాటిని కూడా మూడు కుప్పలుగా చూసుకోవాలి. శబ్దం మన తెలుగు మాటని పోలి ఉన్నవి ఒకటి, ముక్కలుగా విడదీయగలిగినవి రెండు, చేసి చూపించగలిగినవి మూడు. ఒక్కో కుప్పకి ఒక్కో రకం గుర్తు సరిపోతుంది. ‘ఆల్దో’, ‘సిన్స్’ లాంటి పదాలు ఏ కుప్పలోకీ రావు, వాటికి బొమ్మలు గీయించి ప్రయోజనం లేదు, వాక్యాల్లో వాడించి వాడించి రావాల్సిందే.

ఇంకొక్క జాగ్రత్త. శబ్దంలో దగ్గరగా ఉన్న రెండు పదాలు ఒకే రోజు పెట్టకండి. అలాగే వ్యతిరేక పదాలు రెండూ కొత్తవైతే ఒకేసారి వద్దు. కాన్‌కేవ్, కాన్వెక్స్ రెండూ ఒకే పీరియడ్‌లో కొత్తగా చెప్తే ఏది లోపలికి వంగిందో ఏది బయటికి ఉబ్బిందో ఏడాదంతా తికమకే. ముందు కాన్‌కేవ్ చెప్పండి, అందులో ‘కేవ్’ ఉంది, గుహ లోపలికి ఉంటుంది. అది బాగా కుదురుకున్నాక రెండోది.

పలకడం ముందు, గుర్తు తర్వాత

కొండగుర్తు చెప్పే ముందే పదాన్ని సరిగ్గా పలికించాలి. మీరు రెండు మూడు సార్లు స్పష్టంగా అనండి, క్లాసంతా అనాలి, తర్వాత వెనక బెంచీల వాళ్ళు విడిగా అనాలి. ఇది ఎందుకంటే మనం ఇవ్వబోయే తెలుగు మాట ఆ శబ్దానికి దగ్గరగా ఉంటుంది గానీ అదే కాదు, పలకడం స్థిరపడకముందే తెలుగు మాట ఇచ్చేస్తే పిల్లాడు ‘కాడిల్’ (గారాబం చేయడం) అనే బదులు ‘కోడల్’ అనడం మొదలెడతాడు, అది తర్వాత వదిలించడం చాలా కష్టం.

శబ్దం మీరివ్వండి, బొమ్మ వాళ్ళని వేసుకోనివ్వండి

ఈ పద్ధతికి గుండెకాయ ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఇంగ్లీష్ పదంలో వినపడే ఒక తెలుగు మాట పట్టుకోవాలి, ఆ మాటా అర్థమూ రెండూ ఒకే బొమ్మలో కలిసి ఉండాలి. పక్కపక్కన నిలబడి ఉంటే చాలదు, ఒకటి ఇంకోదాన్ని ఏదో చేస్తూ ఉండాలి.

అబాండన్ అంటే వదిలేయడం. వినపడేది ‘బండి’. పెట్రోలు అయిపోయిన బండిని నడిరోడ్డు మీద వదిలేసి నడుచుకుంటూ పోతున్న మనిషి.

పాండర్ అంటే లోతుగా ఆలోచించడం. వినపడేది ‘పాండవులు’. ఐదుగురూ వరసగా కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తున్నారు.

నాసియా అంటే కడుపులో తిప్పడం. వినపడేది ‘నాసి’. నాసిరకం నూనెలో వేసిన మిరపకాయ బజ్జీ తిన్నవాడి మొహం ఎలా ఉంటుందో గీయమనండి, క్లాసులో ఎవరూ మర్చిపోరు.

కాడిల్ అంటే గారాబం చేయడం: కోడలి నోట్లో ముద్దలు పెట్టి గారాబం చేస్తున్న అత్తగారు. హ్యాగిల్ అంటే బేరమాడడం: వెళ్ళిపోతున్న కూరగాయల బండిని ‘ఆగాగు, ఇంకో పది తగ్గించు’ అని ఆపడం. ప్యాలిడ్ అంటే పాలిపోయిన, ఆరిడ్ అంటే నీరంతా ఆరిపోయిన నేల, మెల్లో అంటే మెత్తగా మెల్లగా ఉండే గొంతు. ఈ చివరి మూడింటికి శబ్దమే అర్థం దాకా తీసుకెళ్తుంది, ఇలాంటివి దొరికితే మొదటి రోజు వాటితోనే మొదలెట్టండి, పిల్లలకి పద్ధతి మీద నమ్మకం కుదురుతుంది.

ఇక్కడ చాలామంది టీచర్లు రెండు విధాలుగా వెళ్తారు. కొందరు అంతా తామే చెప్పేస్తారు, కొందరు అంతా పిల్లలకే వదిలేస్తారు. నా అభిప్రాయం మధ్యలో ఉంది. శబ్దం పోలిన మాట వెతకడం పిల్లలకి కష్టం, అక్కడే పీరియడ్ అంతా అయిపోతుంది, కాబట్టి అది మీరు ముందే సిద్ధం చేసుకుని రండి. బొమ్మ మాత్రం వాళ్ళదే అయి ఉండాలి. ‘బండి’ అని మీరు చెప్పాక ఒక పిల్లాడికి వాళ్ళ నాన్న టీవీఎస్ గుర్తొస్తుంది, ఇంకో అమ్మాయికి ఎడ్లబండి గుర్తొస్తుంది, ఎవరిది వాళ్ళకి గట్టిగా నిలబడుతుంది. అరనిమిషం కళ్ళు మూసుకోమని, తర్వాత నోట్‌బుక్ మార్జిన్‌లో చిన్న గీతల బొమ్మ వేయమనండి. బొమ్మ బాగుండక్కర్లేదు, డ్రాయింగ్ మార్కులు లేవు.

తెలుగు మాట ఎంచుకునేటప్పుడు ఊరు చూసుకోవాలి. గల్లిబుల్ అంటే తేలిగ్గా మోసపోయే మనిషి. హైదరాబాద్‌లో, కరీంనగర్‌లో అయితే ‘గల్లీ’ అనగానే సరిపోతుంది, గల్లీ గల్లీలో ఎవడో ఒకడు మోసం చేసి పంపిస్తున్న అమాయకుడు. అదే కోనసీమలో పిల్లలకి గల్లీ వాళ్ళ నోట్లో ఆడే మాట కాదు, వాళ్ళు సందు అంటారు, అక్కడ ఈ గుర్తు అంత పట్టదు, వేరేది చూసుకోవాలి. క్లాసులో లంబాడీ, గోండు పిల్లలున్నా, ఉర్దూ ఇంట్లో మాట్లాడే వాళ్ళున్నా, ఒడిశా నుంచో బీహార్ నుంచో పనికి వచ్చిన కుటుంబాల పిల్లలున్నా తెలుగు కొండగుర్తు వాళ్ళకి ఇంకో కొత్త పదం అవుతుంది తప్ప సాయం చెయ్యదు. వాళ్ళని ‘మీ ఇంట్లో ఇలా వినపడే మాట ఏదైనా ఉందా’ అని అడగండి. వాళ్ళ భాషలో మాట క్లాసులో పదిమంది ముందు చెప్పే అవకాశం ఆ పిల్లలకి చాలా అరుదుగా వస్తుంది.

ఒక హద్దు పెట్టుకోవాలి. తోటి పిల్లల పేర్లు, రంగు, లావు సన్నం, కులం, ఊరు వీటితో గుర్తులు కట్టనివ్వొద్దు. గుర్తుండిపోయే బొమ్మ కావాలి కాబట్టే ఇది ముఖ్యం, ఆ పిల్లకి కూడా అది ఏళ్ళ తరబడి గుర్తుండిపోతుంది.

ముక్కలు చేయగలిగిన పదాలు

రైల్వే స్టేషన్‌లో పోర్టర్ ఏం చేస్తాడు? సామాను మోస్తాడు. అంతే, ‘పోర్ట్’ అంటే మోయడం అని ఒక్కసారి పట్టిస్తే ఎక్స్‌పోర్ట్ బయటికి మోసుకుపోవడం, ఇంపోర్ట్ లోపలికి తెచ్చుకోవడం, ట్రాన్స్‌పోర్ట్ ఒకచోటి నుంచి ఇంకోచోటికి, పోర్టబుల్ అంటే చేత్తో పట్టుకుపోగలిగేది. ఒక గుర్తుకి ఐదు పదాలు.

తెలుగు పీరియడ్‌లో అయితే ఇది ఇంకా బాగా పనిచేస్తుంది, పర్యాయపదాలు బట్టీ పట్టించే వాళ్ళు దయచేసి ఇది ఒకసారి చేసి చూడండి. బోర్డు మీద నిలువుగా నీటి పేర్లు రాయండి: జల, వారి, నీర, అంబు, పయో. పైన అడ్డంగా మూడు చివరలు రాయండి: జ, ద, ధి. జ అంటే పుట్టినది, నీటిలో పుట్టింది తామర: జలజం, వారిజం, నీరజం, అంబుజం, పయోజం. ద అంటే ఇచ్చేది, నీటినిచ్చేది మేఘం: జలదం, వారిదం, నీరదం, అంబుదం, పయోదం. ధి అంటే దాచుకుని ఉంచేది, నీటిని దాచుకున్నది సముద్రం: జలధి, వారిధి, నీరధి, అంబుధి, పయోధి. ఎనిమిది ముక్కలతో పదిహేను పదాలు వచ్చేశాయి. ద, ధ ఒత్తు దగ్గర పిల్లలు తడబడతారు కదా, ‘దానంలో ద ఇస్తుంది, నిధిలో ధి దాస్తుంది’ అని చెప్పండి, ఒత్తు ఎక్కడ పెట్టాలో కూడా అందులోనే ఉంది. మీరు గళ్ళు గీసి ఖాళీగా వదిలేసి పిల్లల చేతే నింపించాలి, రెండో వరస వచ్చేసరికి వాళ్ళే ముందుకు పరిగెడతారు.

సైన్సు, సోషల్ పదాలకి

ఇప్పుడు ప్రభుత్వ బళ్ళలో ఒక పేజీ ఇంగ్లీష్ ఒక పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాక పిల్లలు ఒక్కో భావనకి రెండేసి పదాలు మోయాల్సి వస్తోంది. వీటికి అక్షరం పట్టుకునే గుర్తులు బాగుంటాయి. అక్షాంశాలు అడ్డం, రెండూ అ తోనే మొదలు, ఇక రేఖాంశాలు నిలువు అని వేరే చెప్పక్కర్లేదు. ఆర్టరీలో మొదటి అక్షరం ఎ, ‘దూరంగా’ అనే అర్థమున్న ఇంగ్లీష్ మాట ‘అవే’లో మొదటి అక్షరమూ ఎ, గుండె నుంచి రక్తాన్ని దూరంగా తీసుకుపోయేది, ధమని. బొర్రా గుహలకో బెలూం గుహలకో ఎక్స్‌కర్షన్ తీసుకెళ్తే అక్కడే నిలబెట్టి చెప్పండి: స్టాలక్టైట్‌లో సి ఉంది, సీలింగ్ నుంచి కిందికి వేలాడేది, స్టాలగ్మైట్‌లో జి ఉంది, గ్రౌండ్ నుంచి పైకి లేచేది. ఈ రెండు పదాలూ ఎప్పుడూ జంటగానే వస్తాయి కాబట్టి విడివిడిగా చెప్పడం కుదరదు, అందుకే ఇక్కడ గుర్తు ఇంకా గట్టిగా ఉండాలి.

స్పెల్లింగ్‌కి వేరే గుర్తు

ఇది గమనించండి, బండి కథ అర్థాన్ని గుర్తుచేస్తుంది గానీ అబాండన్‌లో ఏ అక్షరాలున్నాయో చెప్పదు. రెండూ వేరు పనులు. తరచూ తప్పు రాసే చోటికి మాత్రమే ఒక చిన్న గుర్తు పెట్టండి, మొత్తం పదానికి వద్దు. నెసెసరీలో ఒక సి, రెండు ఎస్‌లు: చొక్కాకి ఒక కాలర్, రెండు స్లీవ్స్. సెపరేట్ మధ్యలో ఎ-ఆర్-ఎ-టి, అంటే ఒక ర్యాట్ దూరి రెండు పక్కలనీ విడదీసింది. ఎడారి డెజర్ట్‌లో ఒక ఎస్, తినే డిజర్ట్‌లో రెండు, స్వీట్ అయితే ఇంకోటి అడుగుతాం కదా. ఫ్రెండ్ చివర్లో ఎండ్ ఉంది.

చిన్న పిల్లలకి ఒళ్ళే గుర్తు

మూడు నాలుగు ఐదు తరగతుల వాళ్ళకి క్రియలన్నీ చేయించండి. షివర్ అనగానే వణకాలి, క్రాల్ అనగానే పాకాలి, టిప్‌టో అనగానే మునివేళ్ళ మీద నడవాలి, పీప్ అనగానే తలుపు చాటు నుంచి తొంగి చూడాలి. మొదట మీరు చేస్తూ అనండి, తర్వాత మీరు అంటే వాళ్ళు చేయాలి, చివరికి ఒక పిల్లాడు చేస్తే మిగతా వాళ్ళు పదం చెప్పాలి. ఆ చివరిదే అసలు పరీక్ష, అక్కడ ఆగకుండా వెళ్ళండి. ఇరుకు గదిలో యాభై మంది ఉంటే అందరూ లేవక్కర్లేదు, చేతులతో మొహంతో చేసేవే ఏరుకోండి.

వరసలో గుర్తుండాల్సినవైతే, ఉదాహరణకి గ్రహాలు, బడినే వాడుకోవచ్చు. గేటు, జెండా కర్ర, బోరింగ్, వంటగది, స్టేజీ అలా రోజూ నడిచే దారిలో ఒక్కో చోట ఒక్కోటి పెట్టుకుంటూ పోవడమే, ఒకసారి పిల్లల్ని నిజంగా ఆ దారిలో నడిపిస్తే చాలు.

ఇప్పుడు పుస్తకం మూయించండి

చాలా క్లాసులు ఇక్కడే ఆగిపోతాయి, బొమ్మలు గీయగానే బెల్ కొట్టేస్తుంది. పీరియడ్‌లో చివరి ఐదు నిమిషాలు దీనికి కచ్చితంగా దాచుకోండి. బోర్డు తుడిచేయండి, నోట్‌బుక్ మూయించండి, ఐదు పదాలూ వరస మార్చి అడగండి. ‘బండి ఎక్కడుంది’ అని అందించకుండా ముందు కాసేపు ఆగాలి, ఆ ఆగడం టీచరుకి కష్టంగా ఉంటుంది కానీ పిల్లాడు వెతుక్కునే ఆ కొన్ని క్షణాల్లోనే పదం గట్టిపడుతుంది. అసలు రాకపోతే శబ్దం గుర్తు చెప్పండి, అప్పటికీ రాకపోతేనే అర్థం చెప్పండి.

2006లో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించింది ఇదే. మళ్ళీ మళ్ళీ చదివిన వాళ్ళు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు, వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం చదివి గుర్తుతెచ్చుకునే పరీక్షలు రాసిన వాళ్ళు ముందున్నారు. అందుకే వెంటనే అడిగితే బాగా చెప్పారు కదా అని మనం మోసపోతుంటాం.

అడగడానికి మంచి సాధనం చీటీల పెట్టె. 1970ల్లో సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన జర్మన్‌లో రాసి ప్రచారం చేసిన పద్ధతి ఇది, డబ్బు ఖర్చేం లేదు. పాత శుభలేఖలు, క్యాలెండర్ కాగితాలు చీటీలుగా కత్తిరించండి, ఒకవైపు ఇంగ్లీష్ పదం, రెండోవైపు అర్థం, మూలలో చిన్న బొమ్మ. చెప్పుల అట్టపెట్టెలో అట్టముక్కలు అడ్డుపెట్టి మూడు గదులు చేయండి. మొదటి గది రోజూ, రెండోది వారానికి రెండుసార్లు, మూడోది పదిహేను రోజులకోసారి. చెప్పగలిగితే చీటీ తర్వాతి గదికి వెళ్తుంది, చెప్పలేకపోతే ఏ గదిలో ఉన్నా మొదటి గదికి వచ్చేస్తుంది. నలుగురికి ఒక పెట్టె చొప్పున ఇస్తే ప్రేయర్ బెల్‌కి ముందు వాళ్ళంతట వాళ్ళే అడుగుకుంటారు. అడిగేటప్పుడు రెండు వైపులా అడగాలి, ఇంగ్లీష్ చూపించి అర్థం అడగడం తేలిక, ‘బేరమాడడాన్ని ఏమంటారు’ అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది.

మూడో నాలుగో రోజుకల్లా ప్రతి పదంతో ఒక వాక్యం చెప్పించడం మొదలెట్టండి, పుస్తకంలో వాక్యం కాదు, వాళ్ళ ఇంటి గురించి. ‘మా అమ్మ సంతలో హ్యాగిల్ చేస్తుంది’ అని సగం తెలుగులో మొదలెట్టినా పర్లేదు, పదం సరైన చోట పడిందా లేదా చూడండి, తర్వాత మొత్తం వాక్యాన్ని ఇంగ్లీష్‌లోకి మార్పించవచ్చు.

బయటి దేశాల్లో తెలుగు నేర్పే వాళ్ళకి

అమెరికాలో వారాంతాల్లో తెలుగు క్లాసులు నడిపే వాళ్ళకి ఇదే పద్ధతి తిరగేసి పనికొస్తుంది. అక్కడ పిల్లల చెవిలో ఇంగ్లీష్ ఉంది, కొత్త భాష తెలుగు. పిల్లో (దిండు) మీద పడుకున్న పిల్లి, కప్పులో కూర్చున్న కప్ప, కోటు వేసుకున్న కోతి, మేకప్ వేసుకున్న మేక. నాలుగు బొమ్మలు నాలుగు అట్టల మీద గీస్తే మొదటి క్లాసు అయిపోయినట్టే. అయితే ‘కప్ప’లో ద్విత్వం, ‘కోతి’లో తి ఇవి ఇంగ్లీష్ శబ్దంలో లేవు కాబట్టి ముందు పలికించాలన్న మాట ఇక్కడ ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

గుర్తు తీసేసే సమయం

పదం చూడగానే పిల్లాడు బండి గురించి ఆలోచించకుండా నేరుగా అర్థం చెప్పేస్తున్నాడంటే గుర్తు పని అయిపోయింది. ఇంకా బండి కథ చెప్పించొద్దు, అలా చేస్తే చదివేటప్పుడు వేగం తగ్గుతుంది. మూడో గదిలో వరసగా రెండుసార్లు ఆగకుండా చెప్పిన పదం చీటీ మీద బొమ్మ పైన తెల్లకాగితం అంటించేయండి, నెల తర్వాత బొమ్మ లేకుండా ఒకసారి అడగండి. వస్తే ఆ చీటీని గోడ మీద పదాల చార్టుకి ఎక్కించి పెట్టెలోంచి తీసేయడమే, పెట్టెలో ఖాళీ అయిన చోటికి తర్వాతి పాఠం పదాలు వస్తాయి.